సాక్షివాక్యమున ‘అట’

మన పండితులు ‘అట’ను అవ్యయములలోఁ జేర్చి ముందునకు సాగుదురు, న్యాయస్థానమున నిది యంత చిన్నమాట కాదు. చౌటుప్పల్ ప్రాంతపు రైతు “గెట్టు జరిపిండు” అన్నచోఁ బొలముహద్దు జరుపుటను కన్నవాఁడు. “జరిపిండట” అన్నచో విన్నవాఁడు. బ్రిటిషిండియాలో 1872 నాఁటి సాక్ష్యశాసనపు 60వ విభాగము కోరిన భేద మిదియే. లండనులోని ఓల్డుబెయిలీ విచారణలు 1674 మొదలు 1913 వఱకు అచ్చుపడినవి. అందలి యాంగ్లసాక్షికి నిట్టి ప్రత్యయము లేదు, “వింటిని” అని వేఱువాక్యము పలుకవలసినదే. నిజాము రాజ్యమున 1884లో ఉర్దూ యధికారభాష యయ్యెను. అందును “సునా హై” యని విడిగాఁ జెప్పవలయును.

అయినను ‘అట’కు వినికిడి యను నర్థ మొక్కటియే చెప్పినఁ జాలదు. నిందితుఁడు “నేను గెట్టు జరిపిన్నట!” అన్నచో నది నిరసన, తనపై మోపిన మాటను త్రోసివేయుట. ఇచ్చట “సునా హై” పొసఁగదు. అనువాదమున నా రెండక్షరములు జాఱినచో మిగులునది నేరాంగీకారము.