కిరీటం కంటే ముందు చందా పుస్తకం

1921 సెప్టెంబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్రపు ఒడ్డున జరిగిన అందాల పోటీలో మార్గరెట్ గోర్మన్ అనే అమ్మాయి గెలిచింది. వయసు పదహారు, వాషింగ్టన్‌లో హైస్కూలు విద్యార్థిని. పోటీకి ఎంపికైందన్న కబురు మోసుకుని పత్రికలవాళ్లు వెళ్లేసరికి పార్కులో గోళీలాడుతోందట. వేసవి సెలవులు అయిపోయాక కూడా జనం ఇంకొన్నాళ్లు ఉండిపోతే నాలుగు డబ్బులొస్తాయని ఆ ఊరి వ్యాపారులు తలపెట్టిన వేడుక అది. మిస్ అమెరికా అలా పుట్టింది. 1937లో గెలిచిన బెట్ కూపర్‌కు పదిహేడేళ్లు. మర్నాడు జరగాల్సిన కార్యక్రమాలకు రాకుండా వెళ్లిపోయింది. ఆ తరువాతి ఏడాదే 18 నిండనివాళ్లకు ప్రవేశం లేదన్నారు.

చాలా దశాబ్దాల తర్వాత, 2005లో, టీనేజీ పిల్లల కోసం వేరుగా మిస్ అమెరికాస్ అవుట్‌స్టాండింగ్ టీన్ మొదలైంది. ఇప్పుడు దాని పేరు మిస్ అమెరికాస్ టీన్. ఇందులో ఈత దుస్తుల నడక లేదు. పెద్దల పోటీలో దాన్ని తీసేయడానికి 2018 దాకా పట్టింది. ఈ పిల్లల పోటీ గురించి మనం మాట్లాడుకోవడానికి ఓ దగ్గరి కారణం ఉంది. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మొదట ఈ పోటీలోనే నిలబడింది. ఆరు వారాల పసికందుగా విజయవాడ వచ్చి, రెండున్నరేళ్ల దాకా అక్కడే బంధువుల చేతుల్లో పెరిగిన పిల్ల. 2006లో మిషిగన్ రాష్ట్ర టీన్ కిరీటం గెలిచి, జాతీయ స్థాయిలో రెండో స్థానంలో నిలిచింది. ఏడేళ్లు గడిచాక, 2013 సెప్టెంబరు 15 రాత్రి మిస్ అమెరికా అయింది. భారతీయ మూలాలున్నవారిలో ఆ కిరీటం మొదట ఆమెదే.

ఇలాంటి పోటీకి సిద్ధమవడంలో నడక సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎత్తు మడమల చెప్పులు, గౌను అంచు కాలికి తగలకుండా వేసే అడుగు, తిరిగేటప్పుడు భుజాలు వంగకపోవడం. పోటీలో వేసుకోబోయే చెప్పులతోనే ఇంట్లో కొన్ని వారాలు తిరిగితే పట్టుబడుతుంది. కష్టమంతా కళా ప్రదర్శనలో ఉంది. దానికి ఇచ్చేది 90 సెకన్లు. కూచిపూడి తరంగంలో నర్తకి పళ్లెం అంచు మీద నిలబడే ఘట్టానికి రావడానికే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. తొంభై సెకన్లలో మెల్లగా అల్లుకుంటూ పోవడానికి చోటుండదు. పాటను కత్తిరించి, ఉధృతంగా ఉన్న చోటే మొదలుపెట్టి, ఊపిరి అందే చోట ఆపాలి. నీనా చిన్నప్పటి నుంచి భరతనాట్యం, కూచిపూడి నేర్చుకుంది. పోటీలో మాత్రం ‘ఓం శాంతి ఓం’ సినిమాలోని ‘ధూమ్ తానా’ పాటకు శాస్త్రీయ అడుగులనూ సినిమా నృత్యాన్నీ కలిపి ఆడింది. నాట్య గురువులకు ఈ కలయిక రుచించకపోవచ్చు. కానీ ఆ కాస్త సమయంలో పాదం తడబడకుండా నిలబెట్టింది ఏళ్ల తరబడి చేసిన సాధనే. కోతకు నిలబడాలంటే కింద అంత బట్ట ఉండాలి.

ఇక న్యాయనిర్ణేతలతో ముఖాముఖి. మూసిన గదిలో కొన్ని నిమిషాలు. అమ్మాయి తన గురించి, తను ఎంచుకున్న సామాజిక అంశం గురించి రాసిచ్చిన కాగితాలు వాళ్ల ముందుంటాయి. అందులోంచి ఏదైనా అడుగుతారు, లేనిదీ అడుగుతారు. కంఠతా పట్టిన జవాబు రెండో వాక్యానికే బయటపడుతుంది. నేర్పేవాళ్లు చెప్పేది ఒకటే: ముందు నీ అభిప్రాయం చెప్పు, తరువాత కారణం, అక్కడితో ఆగు. పదిహేనేళ్ల పిల్లకు ఆగడం నేర్పడమే కష్టం. నీనా గెలిచిన రాత్రి సోషల్ మీడియాలో ఆమె జాతి మీద, రంగు మీద విషం కక్కినవాళ్లున్నారు. ఆమె గొంతు పెంచకుండా, తలదించకుండా జవాబిచ్చింది. ఆ నిబ్బరానికి ఆ గదుల్లో చేసిన అభ్యాసం తోడ్పడిందని నా నమ్మకం.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది విరాళాల సేకరణ. మిస్ అమెరికాలో పోటీదారు ఒక సామాజిక అంశాన్ని భుజాన వేసుకోవాలన్న నియమం 1989లో వచ్చింది. 2007లో పిల్లల ఆసుపత్రులకు డబ్బు సమకూర్చే చిల్డ్రన్స్ మిరకిల్ నెట్‌వర్క్‌తో ఒప్పందం కుదిరాక, ప్రతి అమ్మాయీ కొంత మొత్తం పోగుచేయాల్సి వచ్చింది. 1983లో మొదలైన ఆ సంస్థ పద్ధతి ఏమిటంటే, ఏ ప్రాంతంలో వచ్చిన డబ్బు ఆ ప్రాంతపు ఆసుపత్రికే చేరుతుంది. అందుకే అడగడం తేలిక. “మన ఊరి ఆసుపత్రిలో ఉన్న పిల్లల కోసం” అని చెప్పొచ్చు.

తేలిక అన్నాను గానీ, అడగడం పెద్ద విద్య. మన వీధుల్లో వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని తిరిగిన పిల్లలను అడగండి. “పోయినేడు నూటపదహార్లు ఇచ్చారండీ, ఈసారి ఇంకాస్త చూసి వేయండి” అనడానికి ఎంత గుండె కావాలో చెబుతారు. అక్కడి పిల్లలూ అంతే. కార్లు కడుగుతారు, ఇంట్లో బిస్కెట్లు చేసి అమ్ముతారు, దుకాణాల ముందు నిలబడతారు. ఎంత కావాలో అంకె చెప్పడం, దేనికో ఒక్క వాక్యంలో చెప్పడం, లేదన్నవాళ్లకూ నవ్వుతూ నమస్కారం పెట్టడం, ఇచ్చినవాళ్లకు స్వదస్తూరితో ఉత్తరం రాయడం. ఇదంతా ఆ వయసులో వస్తే జన్మంతా ఉంటుంది. తండ్రి ఆఫీసు నుంచి వచ్చి ఆ మొత్తానికి ఒక్క చెక్కు రాసి పడేస్తే, డబ్బు ఆసుపత్రికి చేరుతుంది గానీ పిల్లకు దక్కాల్సింది దక్కదు.

ఎంచుకునే అంశం కూడా సొంత బతుకులోంచి రావాలి. 2025 మే 31న హైదరాబాద్ హైటెక్స్‌లో మిస్ వరల్డ్ కిరీటం అందుకున్న థాయ్‌లాండ్ యువతి సుచాతా చువాంగ్‌శ్రీకి పదహారేళ్లప్పుడు రొమ్ములో గడ్డ కనిపించింది. శస్త్రచికిత్సతో తీసేశారు. ఆమె రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం పనిచేయడానికి మూలం అదే. నీనా కూడా మేనిరంగు వివక్ష మీద పోరాటాన్ని వదల్లేదు. తెల్లబరిచే క్రీముల మీద 2020లో కంపెనీలను నిలదీసింది. పెళ్లిచూపుల్లో ఇప్పటికీ రంగు అడిగే మన ఇళ్లకు ఆ మాట ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఆటలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ప్రవేశ రుసుము, ఫొటోలు, మేకప్, శిక్షకుల ఫీజులు కలిపితే మధ్యతరగతి ఇంటికి మోయలేని బరువవుతుంది. సేవ పేరు చెప్పి లెక్క చూపని చిన్నాచితకా పోటీలకూ కొదవలేదు. పిల్లల ఒంటి కొలతల మీద మాట తూలే శిక్షకుల దగ్గర ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

మీ అమ్మాయి పోటీకి వెళతానంటే వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి. రుసుము ఎంతో, సేకరించిన డబ్బు ఏ ఆసుపత్రికి ఎప్పుడు వెళుతుందో రాతపూర్వకంగా చెప్పమని నిర్వాహకులను అడగండి. చెప్పకపోతే అక్కడితో ఆపేయండి. చెబితే, విరాళాలకు బయల్దేరిన రోజు పక్కింటి గేటు దాకా తోడు వెళ్లండి. తలుపు మాత్రం తననే తట్టనివ్వండి.