కలగన్నది ఉష, బొమ్మ గీసింది చిత్రలేఖ

తెలుగు కావ్యాల పీఠికల్లో కల ఒక అనుమతి పత్రం. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదలుపెడుతూ, తండ్రి కొమ్మన కలలోకి వచ్చాడనీ, హరిహరనాథుడు దర్శనమిచ్చి భారతాన్ని అంకితం అడిగాడనీ చెప్పుకున్నాడు. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి గోదాదేవి పెళ్ళికథ తెలుగులో రాయమన్నాడని ఆముక్తమాల్యదలో రాసుకున్నాడు. తండ్రో దేవుడో వచ్చి ‘రాయి’ అంటాడు. అలాంటి కలని ఎవరూ కాదనరు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఆ గోదాదేవి, అంటే ఆండాళ్, స్వయంగా కవయిత్రి. విష్ణువుతో తన పెళ్ళి జరిగినట్టు కలగన్నానని చెలికత్తెకు చెబుతూ నాచ్చియార్ తిరుమొళిలో తమిళంలో పాడుకుంది. ఆమెను ఎవరూ రాయమనలేదు. కోరికే కలయింది, కలే పాటయింది. రాజుగారి కలకి వచ్చేసరికి ఆమె కవయిత్రిగా వెనక్కి జరిగి కథానాయిక అయింది.

దర్శికి పొరుగునే ఉన్న అద్దంకిలో, 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన హరివంశాన్ని తెలుగు చేశాడు. ఉష కథ ఆ హరివంశానిదే. మనం ఆ కథని శృంగారంగానే చదువుతూ వచ్చాం. కానీ సంస్కృత హరివంశంలో ఉష కలలో ఒక మగవాడితో కలిసి, ఏడుస్తూ లేస్తుంది. కన్యాత్వం పోయిందని, కులానికి మచ్చ తెచ్చానని వణికిపోతుంది. మనసులో పాపం లేనప్పుడు తప్పు లేదని చెలికత్తెలు ఓదారుస్తారు. భాగవతానికి వచ్చేసరికి ఆ భయం చాలావరకు కరిగిపోయింది. ఉష ప్రియుణ్ణి వెతుక్కుంటూ లేచి, చెలికత్తెల మధ్య సిగ్గుపడుతుంది. ఏడుపు సిగ్గుగా మారడం చిన్న సంగతి కాదు. పీడకలని తీపికలగా తిరగరాశారు.

ఆ తర్వాతి ఘట్టం నాకు మరీ ముఖ్యం. చిత్రలేఖ ఆ కలని నవ్వులాటకి తీసుకోలేదు, మరిచిపొమ్మనలేదు. దేవతల్ని, గంధర్వుల్ని, మనుషుల్ని వరసగా బొమ్మలు గీసి ‘వీడేనా?’ అని అడిగింది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష గుర్తుపట్టింది. ఒక స్త్రీ కలని మరో స్త్రీ నమ్మినచోట కళ పుట్టింది.

మన ఇళ్ళలో పీడకల వచ్చిందంటే తలగడ కింద ఇనుపముక్క పెట్టుకుని పడుకోమంటారు, ఎవరికీ చెప్పొద్దంటారు. చెప్పకపోతే అది ఎక్కడికి పోతుంది? 1815లో మేరీ షెల్లీకి పుట్టిన పసిబిడ్డ కొద్దిరోజులకే చనిపోయింది. మంట దగ్గర ఒళ్ళు రుద్దితే బిడ్డ బతికినట్టు కలగన్నానని ఆమె డైరీలో రాసుకుంది. మరుసటి ఏడాది జెనీవా సరస్సు ఒడ్డున, నిద్రపట్టని రాత్రి కళ్ళముందు కదిలిన భయంకర దృశ్యం నుంచి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పుట్టిందని 1831 ముందుమాటలో చెప్పింది. చచ్చిన శరీరం లేచి కూర్చునే ఆ కథని సైన్సు గురించిన హెచ్చరికగా మాత్రమే చదివితే, ఆ తల్లి కల మనకి కనబడదు.

1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వచ్చింది. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ. మగవాళ్ళు పరదాలో, ఆడవాళ్ళు పాలనలో ఉండే దేశం అది. చివర్లో కథ చెప్పే ఆవిడ తన పడక కుర్చీలో మేలుకుంటుంది. ‘కలే కదా’ అనిపించుకునే వీలు ఉండబట్టే అంత మాట అనగలిగింది. రొకేయాకి కల ముసుగు, అచ్చువేసిన కమల చిత్రలేఖ.

కలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ వినేవాళ్ళు కావాలి. దర్శి చుట్టూ పత్తి తీసే, మిరపకాయలు కోసే ఆడవాళ్ళకీ పీడకలలు వస్తాయి. అప్పు, ఎండిన చేను, తిరిగిరాని మనిషి వాటిలో ఉంటాయి. వాటిని ప్రతీకలుగా వాడుకోవడం తేలిక. ‘ఇదేనా, ఇలాగేనా?’ అని బొమ్మ వెనక బొమ్మ గీసి చూపించి, ఆమె తలూపేదాకా ఆగడం కష్టం. రచయిత్రులుగా, విమర్శకులుగా మన పని ఆ కష్టమైనదే.