ఊరు తినేదాకా ఆగాలి

చెట్టు మనదే. కాయ మన పెరట్లోనే రాలింది. అయినా కొత్త పండగ అవకుండా నోట పెట్టకూడదు. గొలుగొండ దాటి కొండెక్కితే మామిడికీ సామకీ కొర్రకీ కందికీ చిక్కుడుకీ అన్నిటికీ ఇదే కట్టుబాటు. ముందు దేముడికి పెట్టాలి, ఊరంతా కలిసి తినాలి, ఆ తర్వాతే ఎవరి కుండ వాళ్లది. కొండదొరల ఇంట పుట్టిన నాకు ఉద్యోగం, కాపురం నర్సీపట్నంలో. టౌన్లో ఎండలు ముదరక ముందే బళ్ల మీద పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూకారం జల్లి అమ్ముతుంటారు. పిల్లలు కొనుక్కు తింటారు. నేను ముట్టను. భక్తి అనుకునేరు, నాకంత భక్తి లేదు. ఊళ్లో ఇంకా ఎవరూ తినలేదు కదా అని మొహమాటం.

ఆ మొహమాటమే మా మతమేమో అని ఈమధ్య అనిపిస్తోంది. మాకు పుస్తకం లేదు, ప్రవక్త లేడు. శంకుదేముడు రాయి రూపంలో చెట్టు కింద ఉంటాడు. గంగాలమ్మ ఉంది, జాకరమ్మ ఉంది. వాళ్ల మహిమల మీద మా ముసలాళ్లు ఉపన్యాసాలు ఇవ్వగా నేనెన్నడూ వినలేదు. ఎవరు ఎంత నమ్ముతున్నారో ఎవరూ అడగరు. చందా ఇచ్చావా, రోజు తప్పకుండా వచ్చావా, ముందే తిన్నావా అన్నవే ప్రశ్నలు.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. దిసారి మంచి రోజు చూస్తాడు. బారికి గడపగడపకీ తిరిగి చాటుతాడు. ప్రతి ఇంటి నుంచీ కొంచెం విత్తనం, సామో కొర్రో చోడో ఏది ఉంటే అది, శంకుదేముడి దగ్గరికి చేరుతుంది. అక్కడ అన్నీ ఒకటిగా కలిపేస్తారు. పూజారి కోడిని కోసి పూజ చేశాక ఆ కలిపిన గింజల్నే మళ్లీ ఇంటింటికీ పంచుతారు. పొలానికి పట్టుకెళ్లి ముందు చల్లేది ఆ గింజల్నే. అంటే మా ఇంటి గింజ పక్కింటివాళ్ల పోడులో మొలుస్తుంది, వాళ్లది మా దాన్లో. ఒకరి విత్తనం పుచ్చిపోయినా వట్టి చేతులతో దుక్కికి వెళ్లే అవసరం రాదు. వ్యవసాయ శాఖ వాళ్లు విత్తన మార్పిడి గురించి చెబుతుంటే నాకు ఈ రాయి ముందర పోసిన గింజల రాశే కళ్లముందు కదులుతుంది.

మామిడి విషయంలోనూ అంతే. కాయ పిందెగా ఉండగానే దులిపేసుకుంటే టెంక ముదరదు. టెంక ముదరకపోతే వానాకాలం నడిమధ్య, గాదెలో గింజ అయిపోయిన రోజుల్లో, టెంక అంబలి ఎక్కడి నుంచి వస్తుంది? దేముడు ఆగమన్నాడని చెబితే గుంటలు ఆగుతారు. ఆకలి కాలం ముందుందని చెబితే ఆగరు. ఈ లెక్క ఎవరైనా కావాలని వేశారో లేదో గానీ, పనిచేసింది.

ఇటుకల పండక్కే మగాళ్లు వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఇప్పుడు అడవిలో జంతువూ లేదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం వేటను ఒప్పుకోదు, కాబట్టి వేట చాలాచోట్ల ఊరేగింపుగా మిగిలింది. పేడనీళ్లు మాత్రం తగ్గలేదు. ఈలోగా ఆడాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసో తాడు కట్టో పజ్జోరు, అంటే పండగ చందా, వసూలు చేస్తారు. లంబసింగి చూడ్డానికి వచ్చే కార్లవాళ్లు దీన్ని దౌర్జన్యమనుకుని హారన్లు మోగిస్తారు. ఆ పది ఇరవై రూపాయలిచ్చి, దిగి ఓ నిమిషం పాట వినిపోతే సరిపోతుంది కదా!

మా కథకు తిరగేసినట్టుగా అమెరికాలో పేగన్లమని చెప్పుకునే జనం ఉన్నారు. క్రైస్తవానికి ముందు తమ యూరప్ పూర్వీకులు కొలిచిన ప్రకృతి దేవతల్ని మళ్లీ కొలుచుకుంటామంటారు. సెలీనా ఫాక్స్ అనే ఆమె 1974లో విస్కాన్సిన్‌లో సర్కిల్ శాంక్చువరీ అనే పేగన్ సంఘం మొదలుపెట్టింది. 1983లో కొండల మధ్య 200 ఎకరాలు కొన్నారు. అక్కడ పూజలు చేసుకోవడానికి జోనింగ్ నిబంధనలు అడ్డొస్తే ఏళ్ల తరబడి కొట్లాడి గెలిచారు. ఒకే నమ్మకం ఉన్నవాళ్లం ఒక్కచోట ఉండాలని భూమి కొని ఊళ్లు కట్టాలనుకునే గుంపులు అక్కడ ఇంకా ఉన్నాయి. వాళ్ల గురించి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది, కొంచెం జాలి కూడా వేసింది. వాళ్లకు నమ్మకం ముందు దొరికింది, ఇరుగుపొరుగును తర్వాత వెతుక్కోవాలి. మాకు ఇరుగుపొరుగు పుట్టుకతోనే వచ్చింది, వదిలించుకుందామన్నా వదలదు.

వదిలించుకోవాలనిపించే రోజులూ ఉంటాయి మరి. కట్టుబాటు దాటితే తప్పు కట్టాలి, కోడో బియ్యమో డబ్బో. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఊరందరికీ తెలుసు. విత్తనం దాచేదీ, చెరిగేదీ, పంట కోసేదీ ఆడవాళ్లే గానీ, మా ఊళ్లో రాయి దగ్గర వండిన కూడు తినేది మగాళ్లే. ఈ పట్టింపును నేను సమర్థించలేను. ఇంకా పెద్ద మచ్చ చిల్లంగి అనే చేతబడి అనుమానం. పిల్లకు జ్వరం తగ్గకపోతే పక్కింటి ముసలాయన వైపు వేలు చూపించే అలవాటు మన్యంలో మనుషుల ప్రాణాలే తీసింది. అందరూ ఒకే దేముణ్ని కొలిచే ఊళ్లో అనుమానం పుడితే దానికి ఎదురు చెప్పే గొంతు ఉండదు. ఆదివాసీ సంప్రదాయాల గురించి మురిపెంగా రాసే మిత్రులు ఈ ముక్క దాటేస్తుంటారు.

ఇప్పుడు ఊళ్లో అందరిదీ ఒకే దేముడు కాదు. మా పిన్ని కుటుంబం యేసు ప్రార్థనకు వెళుతోంది. ఊరి మధ్యకు రామాలయం కూడా వచ్చింది. మొదట్లో పండగ చందా దగ్గర గొడవైంది. మేం ఇవ్వమని ప్రార్థనకు వెళ్లేవాళ్లు, నీళ్లూ దారీ అందరివి కావా అని మిగతా ఊరు. చివరికి పిన్ని ఒక దారి కనిపెట్టింది. రాయి దగ్గరికి రాదు, కోడివ్వదు. గింజ మాత్రం పంపుతుంది. "విత్తనానికి ఏ దేముడైతే ఏటిరా" అంది నాతో. మామిడి కొత్త అయ్యేదాకా ఆవిడా కాయ కొయ్యదు. నా దృష్టిలో ఆవిడ ఊరు దాటలేదు.

ఊరు తన మనుషుల్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టలేకపోతున్నది సర్కారే. బ్రిటిష్ వాళ్ల రోజుల్లో గొలుగొండ ఏజెన్సీ అని ఈ కొండలన్నిటికీ పేరు. అల్లూరి సీతారామరాజును దహనం చేసిన కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోదే. అయితే ఆదివాసీ ప్రాంతాల కోసం రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద గీసిన గీత కొండ మీదే ఆగిపోయింది. పక్కనున్న కొయ్యూరు లోపల, గొలుగొండ బయట. 1996 నాటి పీసా చట్టం ఆచారాలనూ ఉమ్మడి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చిందంటే అది గీత లోపలి ఊళ్లకే. గీతకు ఇవతలి మా వాళ్లూ అదే శంకుదేముడికి మొక్కుతారు. ఆ అధికారం విలువెంతో ఒడిశా నియమగిరిలో చూశాం. 2013లో సుప్రీంకోర్టు ఆ కొండ మీద డోంగ్రియా కోందుల పూజ హక్కును కూడా గ్రామసభలే తేల్చాలంది. అడిగిన 12 ఊళ్లూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

మతం గడిదీ ఇదే తంతు. బ్రిటిష్ వాళ్లు జనాభా లెక్కల్లో ఆదివాసీ మతాలకు వేరే గడి పెట్టేవారు. స్వాతంత్ర్యం వచ్చాక అది పోయింది. 1955 హిందూ వివాహ చట్టం రెండో సెక్షను చూస్తే, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. పెళ్లికి హిందువులం కాదు, లెక్కకు హిందువులం. 2011 ఫారంలో ఆరు మతాలకు ఆరు అంకెలున్నాయి. మిగతావాళ్లు తమ మతం పేరు పూర్తిగా రాయించుకోవాలి. జార్ఖండ్‌లో, ఆ చుట్టుపక్కల 49 లక్షలకు పైగా జనం పట్టుబట్టి తమ మతం సర్నా అని రాయించుకున్నారు. మా వైపు ఎన్యూమరేటరు అడగనూ లేదు, మేం చెప్పనూ లేదు.

జనగణన మళ్లీ వస్తోంది. కొండ మీద వాళ్లైనా, గొలుగొండ, నాతవరం, రోలుగుంట పల్లెల్లోని వాళ్లైనా, మతం గడి దగ్గరికి రాగానే ఎన్యూమరేటరు చెయ్యి తనంత తాను కదిలిపోకుండా ఆపండి. రాముడే మీ దేముడైతే అదే చెప్పండి, యేసైతే అదీ చెప్పండి. శంకుదేముడైతే ఆ పేరు అక్షరం పొల్లుపోకుండా రాయించి, రాశారో లేదో చదివించుకోండి.