కాటా వెనక లెక్క

అరకు కాఫీకి పొగడ్తలు కొత్త కాదు. నాంది ఫౌండేషన్ రైతుల కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కప్పులోని రుచి మీద, తోటలోని సిల్వర్ ఓక్ నీడ మీద బోలెడు వ్యాసాలు వచ్చాయి. తోటకూ కప్పుకూ నడుమ ఒక కాగితం ఉంటుంది. ఈ ఏడాది ఏ సరుకు, ఎక్కడ, ఎంత, ఏ ధరకు, ఎవరి డబ్బుతో కొనాలో చెప్పే సేకరణ ప్రణాళిక అది. బాగా వేసిన సేకరణ ప్రణాళిక బాగా నేసిన చీరంత మెచ్చుకోదగ్గ వస్తువని నా నమ్మకం.

అమెరికా ప్రభుత్వంలో ఈ పనికి అక్విజిషన్ ప్రోగ్రామ్ అనలిస్ట్ అనే ఉద్యోగమే ఉంది. సర్కారు కొనబోయేదాని ఖర్చు, గడువు, నాణ్యత ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో కనిపెట్టి ఉండటం ఆ మనిషి బాధ్యత. మన ఏజెన్సీ ప్రాంతంలో ఆ పేరుతో కుర్చీ లేదు. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థలో, అంటే జనం నోట జీసీసీలో, ఆ పనిని మార్కెటింగ్ విభాగం, లెక్కల విభాగం, సొసైటీ మేనేజరు, చివరికి డిపో సేల్స్‌మన్ తలా ఒక చెయ్యి వేసి నడుపుతారు.

జీసీసీ 1956లో పుట్టింది. అంతకుముందు మన్యంలో సరుకు కొనేది సాహుకారే, అప్పిచ్చేదీ అతనే, ఉప్పూ గుడ్డా అమ్మేదీ అతనే. ముగ్గురూ ఒకే మనిషి అయినప్పుడు ధర అన్న మాటకు అర్థం ఉండదు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయాక ఇచ్చిన అప్పు, చింతపండు దిగే వేళకు సగం ధరకే సరుకు లాక్కుపోయేది. ఆ ముడి విప్పడానికి సంస్థను పెట్టినవాళ్లు ఒక తెలివైన పని చేశారు. అటవీ ఫలసాయం కొనే చోటే బియ్యం, ఉప్పు, కిరోసిన్ లాంటి ఇంటి సరుకులూ అమ్మేలా డిపోలు తెరిచారు. వాటినే డీఆర్ డిపోలంటారు. సాహుకారు దగ్గరున్న సౌకర్యాన్నే తీసుకుని, అందులోంచి మోసాన్ని తీసేసిన ఏర్పాటు ఇది. 1979 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలుపై జీసీసీకి గుత్తాధికారం ఇచ్చింది. తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై యాజమాన్యం గిరిజనులదే అని చెప్పింది. గుత్తాధికారం మీద నడిచిన సంస్థ, ఇక ధర మీద, నమ్మకం మీద నడవాల్సి వచ్చింది. ఈ మలుపే సేకరణ లెక్కకు అసలు పరీక్ష.

ఆ లెక్క ఎలా ఉంటుందో కాఫీతో చూద్దాం. అంకెలు ఉదాహరణకే. న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర పౌనుకు ఇన్ని సెంట్లని పలుకుతుంది. 200 సెంట్లు అనుకుందాం. పౌను అంటే 454 గ్రాములు కాబట్టి కిలోకు 4 డాలర్ల 41 సెంట్లు. డాలరు 85 రూపాయలైతే శుద్ధి చేసిన గింజ కిలో సుమారు 375 రూపాయలు. రైతు తెచ్చేది శుద్ధి చేసిన గింజ కాదు, పలచని పొట్టుతో ఉన్న పార్చ్‌మెంటు. అందులో ఐదో వంతు పొట్టు పోతుంది, కనుక పార్చ్‌మెంటు కిలో 300 దగ్గర తేలుతుంది. పండును చెట్టు నుంచి తెంపి అలాగే ఎండబెడితే వచ్చే చెర్రీలో దాదాపు సగం తొక్కే. దాని ధర అక్కడే సగానికి పడిపోతుంది. ఆపైన శుద్ధి కర్మాగారం ఖర్చు, గోనె సంచులు, పాడేరు ఘాట్ దిగే లారీ కిరాయి, గోదాము అద్దె, అప్పుపై వడ్డీ తీసెయ్యాలి. మిగిలినది రైతు ధర.

కూడికలు, తీసివేతలు ఎవరైనా చేస్తారు. ఏ ఖర్చును ఎవరి మీద వెయ్యాలన్న నిర్ణయంలోనే పనివాడి చెయ్యి తెలుస్తుంది. మారుమూల డిపో నుంచి వచ్చే సరుకుకు కిరాయి ఎక్కువ. ఆ కిరాయిని ఆ ఊరి రైతు ధరలోంచే తీస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది, కానీ రోడ్డు లేని ఊరు రోడ్డు లేనందుకు ఇంకోసారి నష్టపోతుంది. అన్ని డిపోలకూ ఒకే ధర ప్రకటించడమంటే ఆ కిరాయిని మొత్తం సరుకు మీద పరవడం. ఆ ఒక్క గడి మారితే కొండ మీది ఇంట్లో చేతికందే డబ్బు మారుతుంది.

ధర ఒక ఎత్తు, తేమ ఒక ఎత్తు. పార్చ్‌మెంటు పది, పదకొండు శాతం తేమ దాకా ఎండాలి. అంతకన్నా పచ్చిగా సంచిలోకి వెళ్తే బూజు పడుతుంది, మొత్తం లాటు రుచి పాడవుతుంది. అందుకని కాటా దగ్గర తరుగు తీస్తారు. ఒక రైతు 50 కిలోల సంచి తెచ్చాడు, మీటరు 14 శాతం చూపించింది. అందులో నీరు పోగా మిగిలేది 43 కిలోలు. 11 శాతం తేమకు లెక్కిస్తే సంచి 48 కిలోల 300 గ్రాములతో సమానం. న్యాయమైన తరుగు కిలో 700 గ్రాములు. మీటరు లేని చోట గుప్పెట్లో నాలుగు గింజలు నలిపి "పచ్చిగా ఉంది, మూడు కిలోలు తీసెయ్" అంటే, కిలో 300 గ్రాములు ఎగిరిపోయినట్టే. కిలో 300 రూపాయల లెక్కన అది 390 రూపాయలు. అందుకే సేకరణ ప్రణాళికలో తేమ మీటర్ల సంఖ్య, వాటిని సరిచూసే తేదీలు రాసిన గడి కనిపిస్తే నాకు ఆనందం. ధర ప్రకటన అందరికీ వినిపిస్తుంది. ఆ ధర నిజంగా రైతు చేతికి వచ్చేది ఈ చిన్న గడి వల్లే.

కాఫీ కన్నా ముందే జీసీసీ ఈ పనితనాన్ని తపసి బంక మీద చూపించింది. తపసి చెట్టుకు గాటు పెడితే కారే జిగురు అది. మందుల్లోనూ ఆహార పరిశ్రమలోనూ వాడతారు, విదేశాలకూ వెళ్తుంది. అంతటికీ ఒకే ధర ఇచ్చినన్నాళ్లూ తొందరగా ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికేవాళ్లు. బెరడు ముక్కలు, మట్టి కలిసిన నల్లటి బంక వచ్చేది, చెట్టు ఎండిపోయేది. తెల్లగా, శుభ్రంగా ఉన్నదానికి మొదటి రకం ధర, మిగతావాటికి తక్కువ అని విడగొట్టారు. పల్చగా గాటు పెట్టే పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. బంక సేకరించేవాళ్ల కోసం 1994లో విశాఖలో ఏర్పడిన కోవెల్ ఫౌండేషన్ ఈ శిక్షణను ఊరూరా తీసుకెళ్లింది. అడవిని కాపాడమని బోర్డులు పెట్టడం కన్నా ధరల పట్టికలో రెండు వరుసలు పెంచడం గట్టి పని అని నా అభిప్రాయం. ఏరిన మనిషికి మంచి డబ్బు వచ్చింది, మరుసటి ఏడాదికి చెట్టు మిగిలింది.

కాఫీలోనూ ఇదే సూత్రం. పార్చ్‌మెంటుకూ చెర్రీకీ మధ్య ధర తేడా చాలకపోతే రైతు ఎర్రపండును ఏరి, ఆ రోజే పల్పింగ్ చేసి, కడిగి, ఎండబెట్టే శ్రమ పడడు. పచ్చీ పండూ కలిపి దూసి గచ్చు మీద పోస్తాడు. అతణ్ణి తప్పుపట్టడానికి వీల్లేదు. నీళ్లు మోసిందెవరు, ఏరిందెవరు? ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. ధర తేడాలో వాళ్ల కూలి కనిపించాలి.

ఇక గడువు. పండు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దిగుతుంది. కాఫీ ధర తేల్చే అపెక్స్ కమిటీ దాన్ని ముందే ప్రకటించాలి. సరుకు శుద్ధి అయి వేలానికి వెళ్లేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా న్యూయార్క్ ధర ఎటైనా పోవచ్చు. 2001 చివర్లో అరబికా పౌను 50 సెంట్ల లోపుకు పడింది. 2025 ఫిబ్రవరిలో అదే పౌను 4 డాలర్లు దాటింది. ఇంత ఊగే ధర మీద, ఎకరా రెండెకరాల రైతుకు ముందే ఒక అంకె చెప్పి దానికి కట్టుబడటం సాహసమే. ధర పెరిగితే రైతుకు బోనస్ ఎలా ఇవ్వాలి, పడితే నష్టాన్ని ఏ ఖాతా భరించాలి అన్నవి సీజను మొదలవకముందే రాసి పెట్టుకున్న ప్రణాళికే నిలుస్తుంది.

గడువులో ఇంకో కిటుకు ఉంది. దళారి ధర తక్కువే, కానీ అతను ఆ సాయంత్రమే నోట్లు లెక్కపెడతాడు. సర్కారు డబ్బు పదిహేను రోజులకు ఖాతాలో పడితే, పిల్లాడికి జ్వరం వచ్చిన ఇల్లు పదిహేను రోజులు ఆగలేదు. కాబట్టి పంట చేతికి రాకముందే నిధులు డిపో స్థాయికి చేరాలి. తొలి పండు దిగే గ్రామాలేవో, ఏ డిపోకు ఎన్ని గోనె సంచులు ముందు వెళ్లాలో తేలాలి. సంచులు రాలేదని వెనక్కి పంపిన రైతు మళ్లీ రాడు. ఇవన్నీ చూసుకున్న ఏడాది ఎవరి దృష్టికీ రాదు. ఏదీ ఆగలేదు కాబట్టి.

సేకరణను టన్నుల్లో కొలవడం అందరికీ అలవాటైంది. లక్ష్యం ఇంత, సాధించింది ఇంత, శాతం ఇంత. నాకు ఆ శాతం మీద నమ్మకం తక్కువ. జీసీసీ మంచి ధర ప్రకటిస్తే, సరుకు పోతుందన్న భయంతో సంతలో ప్రైవేటు వ్యాపారి కూడా ధర పెంచుతాడు. అప్పుడు రైతు అతనికే అమ్మవచ్చు. జీసీసీ టన్నులు తగ్గుతాయి, రైతు ఆదాయం పెరుగుతుంది. పట్టికలో అది వైఫల్యంగా కనిపిస్తుంది. మంచి విశ్లేషకుడు తన కొనుగోలు పక్కన సంత ధర కూడా వారం వారం రాస్తాడు. ప్రకటనకు ముందు సుంకరమెట్ట సంతలో ఎంత, తర్వాత ఎంత అని. తను కొనని కిలోకు కూడా తన ధర ఎంత మేలు చేసిందో ఆ వరుస చెబుతుంది. అటవీ ఉత్పత్తులకు 2013-14లో మొదలైన కేంద్ర మద్దతు ధర పథకాన్నీ ఇదే కొలతతో చూడాలని నా వాదన.

ఇప్పుడు ఆ పట్టికకు మరో గడి చేరబోతోంది. యూరప్ సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ అక్కడ అమ్మకూడదు. ప్రతి లాటుకూ అది పండిన తోట ఉనికి, అక్షాంశ రేఖాంశాలతో సహా, చూపించాలి. నాలుగు హెక్టార్ల లోపు తోటకైతే ఒక బిందువు చాలు. మన్యం తోటలు దాదాపు అన్నీ ఆ లోపే. అడవి నీడలోనే కాఫీ పెంచిన రైతుకు ఈ చట్టం నిజానికి అనుకూలం. చిక్కల్లా కాటా దగ్గరే. పది ఊళ్ల పార్చ్‌మెంటు ఒకే కుప్పలో కలిసిపోతే ఆధారం పోతుంది. అటవీ హక్కుల పట్టా నంబరు, తోట బిందువు, సంచి మీద చీటీ, రశీదు ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలవాలి. రాయాల్సింది, సంత రద్దీలో, వరుసలో నలభై మంది నిలబడి ఉండగా, ఒక్క డిపో సేల్స్‌మన్. అతని చేతికిచ్చే ఫారం ఎన్ని గడులతో ఉండాలి, అందులో ఎన్ని ముందే నింపి పంపాలి అన్నది ఈ సీజను ప్రణాళిక వేసేవాళ్లు ఇప్పుడే కూర్చుని తేల్చాల్సిన పని.