బండారులంక మగ్గం మీద అనులోమానుపాతం

కోనసీమ అంటే కొబ్బరి తోటలే అనుకునేవాళ్లకు అమలాపురం పక్కనున్న బండారులంక, అంబాజీపేట మండలంలోని పుల్లేటికుర్రు నేత చీరలు చూపించాలి. ఎనిమిదో తరగతి లెక్కల్లో అనులోమానుపాతం దగ్గర బిక్కమొహం వేసే పిల్లల్నీ ఆ మగ్గాల దగ్గరికే తీసుకెళ్లాలి. ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోదీ అన్ని రెట్లే పెరగాలి, వాటి నిష్పత్తి మారకూడదు. పుస్తకం ఆ నిష్పత్తికి స్థిరాంకం అని పేరుపెట్టి ఊరుకుంటుంది. మగ్గం మీద దాన్ని నిలబెట్టేది నేతగాడి చెయ్యి.

ముందు నూలు సంగతి. 840 గజాల నూలు ఒక చిలప. అలాంటివి 80 చిలపలు కలిసి ఒక పౌను తూగితే అది 80 నంబరు నూలు. నంబరు తెలిస్తే ఇక పొడవు కొలవక్కర్లేదు, తూచితే చాలు. బరువు రెట్టింపైతే పొడవూ రెట్టింపే.

ఆరు గజాల చీర ఒకటి లెక్కకు తీసుకుందాం. పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలు, పడుగులో, అంటే నిలువు పోగుల్లో, అంగుళానికి 72 పోగులు అనుకుంటే మొత్తం 3,240. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఉత్తర సర్కారుల బట్టను పుంజాల్లో లెక్కగట్టేవారు. పుంజానికి 120 పోగులు. ఆ లెక్కన మన చీర 27 పుంజాలది.

కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే చేర్చి వేళ్లతో మెలిపెడతారు. దాన్నే అచ్చు అతకడం అంటారు. 3,240 పోగులకు 3,240 అతుకులు. పడుగు రెండు చీరలకు సరిపోయేదైనా, ఆరు చీరలకు సరిపోయేదైనా అతుకులు అన్నే. పన్నా పెరిగితే పెరుగుతాయి గానీ పొడవు పెరిగితే పెరగవు. అందుకే చీరలు రెట్టింపైనంత మాత్రాన పని సరిగ్గా రెట్టింపు కాదు. పరీక్షలో పిల్లలు బోల్తాపడేది ఇక్కడే. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన అనులోమానుపాతం అయిపోదు.

అసలు పనితనం పేకలో, అంటే అడ్డపోగుల్లో ఉంది. అంగుళానికి 60 పేక పోగులైతే 216 అంగుళాల చీరకు పేక నూలును మోసే నాడె 12,960 సార్లు అటూ ఇటూ పరుగెత్తాలి. పోగుకు గజంపావు చొప్పున 16,200 గజాల నూలు. 80 నంబరుదైతే సుమారు 110 గ్రాములు. ఇంత పొడవు నూలు గుప్పెట్లో ఇమిడిపోతుంది!

నాడె వెళ్లిన ప్రతిసారీ, పడుగు పోగుల్ని దువ్వెనలా పట్టి ఉంచే అచ్చును లాగి పేకను కొట్టాలి. అంగుళానికి 60 అనే స్థిరాంకాన్ని నిలబెట్టేది ఆ దెబ్బ బలమే. పొద్దున హుషారుగా, సాయంత్రం నీరసంగా కొడితే 60 కాస్తా 54 అవుతుంది. చీరంతా ఆ 54తోనే నేస్తే 1,296 దెబ్బలు తగ్గుతాయి, నూలూ పదో వంతు మిగులుతుంది, బట్ట మాత్రం పలచనైపోతుంది. మంచి నేతగాడు మొదటి అంగుళంలో పెట్టిన 60నే చివరి అంగుళంలోనూ పెడతాడు. గుంట మగ్గంలో కూర్చుని, కాళ్లతో తొక్కుతూ, పోగు తెగినప్పుడల్లా ఆగి అతుకుతూ ఆ లెక్క తప్పకపోవడం మామూలు విద్య కాదు.

ఈసారి నేత చీర కొనేటప్పుడు భూతద్దం ఒకటి వెంట తీసుకెళ్లండి. కొంగు దగ్గర ఒక అంగుళం, చీర మధ్యలో ఒక అంగుళం పేక పోగులు లెక్కపెట్టండి. రెండూ సమానంగా ఉంటే బేరమాడకుండా కొనండి.