ముద్ర వెనక మనిషి కోసం

పీహెచ్‌డీ అంటే కుర్చీలో కూర్చుని చేసే పనేగా అనుకుంటాం. చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లోని పాత దస్తావేజుల ముందు ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది, అదెంత ఓపిక కోరే చేతిపనో.

స్టువర్టుపురం సంగతే చూడండి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకల కుటుంబాలను బాపట్ల దాపున ఈ ఊళ్లో చేర్చి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. దొంగతనం చేసినా చేయకున్నా హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం మనవల దాకా పాకింది.

పోలీసు రికార్డు ‘పుట్టు దొంగలు’ అని తేల్చేసిన చోట పరిశోధకురాలు ఆగుతుంది. అంతకుముందు వీళ్లేం చేసి బతికారని అడుగుతుంది. చరిత్ర పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ అలా తవ్వితేనే ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న సంచార వర్తకులు బయటపడ్డారు. రైళ్లూ సర్కారు ఉప్పు విధానమూ ఆ బతుకు తెరువును కూల్చిన వైనం తేలింది.

ఫైలు చెప్పింది రాసుకుని, అరుగు మీద అవ్వ చెప్పింది విని, రెండూ పొసగని చోట మళ్లీ మొదలుపెట్టాలి. ఏళ్లు పట్టే ఆ పనికి దక్కేది పేరు ముందు రెండక్షరాలు. ఊరికి దక్కేది దాని అసలు కథ.