ముందు నీ లెక్క చెప్పు

బొమ్మ ఊపిరి తీసుకోదు. ఆశా కార్యకర్తలకు పసికందుల సంరక్షణ నేర్పే శిక్షణ గదిలో చిక్కంతా అదే. పొత్తిళ్లలో చుట్టడం, చంకలో థర్మామీటర్ పెట్టడం, కాటా సున్నా చూసుకుని తూయడం బొమ్మ మీద వచ్చేస్తాయి. శ్వాసలు లెక్కపెట్టడం మాత్రం బాలింత ఇంట్లోనే పట్టుబడాలి.

పసిబిడ్డ ఊపిరి ఒక్క తీరున నడవదు. గబగబా నాలుగు తీసి, కాస్త ఆగి, మళ్లీ మొదలెడుతుంది. అందుకే అర నిమిషం చూసి రెట్టింపు వేస్తే కుదరదు. నిండు నిమిషం పొట్ట మీదే చూపుండాలి. 60 గానీ ఆపైన గానీ వస్తే మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే ఉన్నా, డొక్కలెగరేస్తున్నా ఆస్పత్రికే. ఈలోగా బిడ్డ కాళ్లాడిస్తుంది, లెక్క చెదురుతుంది. గుమ్మంలోంచి నాయనమ్మ కొత్త ఆశాను చూపిస్తూ "ఈ అమ్మాయికి వచ్చంటావా?" అని నన్నడుగుతుంది.

సూపర్‌వైజర్‌గా తిరిగిన రోజుల్లో ఒక ఏఎన్‌ఎం పద్ధతి నాకు భలే నచ్చింది. కొత్త ఆశాతోపాటు తనూ మనసులో లెక్కపెట్టేది. అయ్యాక తన అంకె చెప్పేది కాదు. "ముందు నీది రాయమ్మా" అనేది. "మీకెంత వచ్చింది మేడమ్?" అన్నా పెదవి విప్పేది కాదు. పెద్దావిడ 52 అంటే, 63 వచ్చిన పిల్ల కూడా "నాకూ అంతేనండి" అంటుంది మరి. (మా శాఖ మీటింగుల్లో ఈ 'నాకూ అంతే' ఎన్ని రిజిస్టర్లు నింపిందో!) రాశాక అంకెలు పోల్చుకునేవారు. ఒకటి రెండు తేడా అయితే సరే, పది వస్తే ఇద్దరూ మళ్లీ మొదటినుంచి.

ఆ నాయనమ్మ అనుమానానికి జవాబు ఎప్పుడో దొరికింది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లె ఆడవాళ్లకే ఈ విద్య నేర్పి పసికందుల మరణాలు తగ్గించారు. పల్లె ఆడవాళ్లకు ఇది వస్తుందని అది చూశాకే చాలామంది నమ్మారు.

ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికెళ్లి చూడాలి. ఇంట్లో పుడితే మొదటి రోజు కూడా. అన్నిటికీ ఏఎన్‌ఎం తోడెళ్లడం జరిగే పని కాదు. పాత ఆశాను జతచేస్తే మేలు. కానీ ఆ పూట ఆమె ఇళ్లెవరు చూస్తారో ముందే తేల్చాలి. 'తోడెళ్లమ్మా' అని నోటిమాటగా చెప్పి వదిలేస్తే తోడు రెండో వారానికే ఆగిపోతుంది.

బిడ్డను పంపాల్సొస్తే ఆ సంగతి ఇంటివాళ్లకు కొత్తమ్మాయే చెప్పాలి. వాళ్లు తోడొచ్చిన పెద్దావిడ మొహం చూస్తారు. అప్పుడామె "తను చెప్పింది కదా, బయల్దేరండి" అంటే చాలు. 108కి ఫోన్ కావాలంటే ఆ పెద్దావిడ చేయొచ్చు.